చాలు అన్నందుకు బావ కట్టిన పాట

ఫ్యాను మూడో నంబరు మీద తిరిగితే ఆ పాట మొదలవుతుంది. రెండో నంబరు మీద రాదు, నాలుగో నంబరు మీద రాదు. మూడు మీద ఫ్యాను రెక్క ఒకటి ఎక్కడో చిన్నగా తగులుతుంది, టకా టక్, టకా టక్ అని. అంతే, నేను అడక్కుండానే తల లోపల ఎవరో గొంతెత్తుతారు. ఫ్యాను బాగు చేయించమని ఇంటి ఓనరుకు మూడుసార్లు చెప్పాను. గాలి వస్తోంది కదా అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒక్క ఫ్యానే అయితే సర్దుకునేవాణ్ని. నా భార్య కుట్టు మిషను తొక్కినా వస్తుంది. పక్కింటామె రొట్టెలు తట్టినా వస్తుంది. సూరత్ పక్కన ఉధనా స్టేషను దాటాక రైలు పట్టాలు మారేటప్పుడు తప్పకుండా వస్తుంది. ఒకసారి చావు దగ్గర కూడా వచ్చింది. నవాగామ్‌లో మా వీధి పెద్దాయన పోతే డప్పులు పెట్టించారు. అందరూ తల వంచుకుని నడుస్తుంటే నా తలలో ఆ పాట. పెదాలు కదిలాయో ఏమో, ఆయన కొడుకు వెనక్కి తిరిగి నన్ను అదోలా చూశాడు. ఆ చూపు న్యాయంగా నా మీద పడాల్సింది కాదు. మా బావ మీద పడాల్సింది.

తలలో మంచి పాటలు మోగేవాళ్లు ఉన్నారట. నా భార్యకు గిన్నెలు తోముతుంటే దేవుడి పాటలు వస్తాయి. నాకు వచ్చేది రెండు చరణాల పాట. అది ఏ సినిమాలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. మా బావ కట్టాడు. నా మీద కట్టాడు.

పోయిన వానాకాలం పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. సాంచాల చప్పుడుకు నీ చెవులు సగం పోయాయి అన్నాడు. సాంచ అంటే మరమగ్గం. సిరిసిల్లలోనూ అదే మాట, సూరత్‌లోనూ దాదాపు అదే మాట. బయటి చప్పుడు తగ్గినకొద్దీ తల తన దగ్గరున్న పాటలు తీసి తనే వేసుకుంటుందట. కొందరికి అలా జరుగుతుందట, భయపడాల్సిందేమీ లేదట. "కాకా, కోయీ అచ్ఛా గానా సోచో" అని నవ్వాడు. ఏదైనా మంచి పాట తలచుకోవాలట. నేను తలచుకోలేదా? భజనలు తలచుకున్నాను. మా అమ్మ కండెలు చుడుతూ పాడే పాట తలచుకున్నాను. నాలుగు మాటలు సాగాక అవి జారి జారి బావ వరసలోకి పడిపోతాయి. పడుగు నేను వేస్తాను, పేక మాత్రం ఆయనది పడుతుంది. ఈ మాట డాక్టరుకు హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. నవ్వుతూనే ఇంకొకరిని పిలిచాడు. రోగిని చూసి నవ్వే డాక్టర్లను నేను గుర్తు పెట్టుకుంటాను.

పాట ఇది. రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాయకపోతే నా బాధ ఎవరికీ అర్థం కాదు.

చాలు చాలన్నడు బామ్మర్ది, చాలూ అయ్యింది సాంచ
గోరు గుడ్డల నేసె బామ్మర్ది, గొప్పగున్నదిర అంచ

అంచు అనాలి. సాంచతో కలవడానికి అంచ చేశాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన చేసిన ఆ తప్పును కూడా నేనే మోస్తున్నాను.

నేను సూరత్ వచ్చేనాటికి బావ ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. మా అక్క భర్త. నన్ను పిలిపించి, పల్సానాలో తాను పనిచేసే కార్ఖానాలోనే పెట్టించాడు. ఈ సంగతి మా బంధువులు ఇప్పటికీ ఎత్తి చూపుతారు. అన్నం పెట్టిన చేతిని తిడతావా అంటారు. అన్నం పెట్టింది మా అక్క. బావ వడ్డించగా నేనెప్పుడూ చూడలేదు.

కార్ఖానాలో ఎవరూ మాట్లాడుకోరు. అరవై సాంచాలు ఒక్కసారి నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. చేతి సైగలే భాష. అరచేయి కిందికి చూపిస్తే ఆపమని. పిడికిలి గాల్లో తిప్పితే నడపమని. ఈ రెండూ రానివాణ్ని సాంచ దగ్గరికి రానివ్వరు. వాటితో పాటు ఎవరూ నేర్పకుండానే వచ్చేది ఇంకొకటి ఉంది, పాట. ఒక్కొక్కరు పది పన్నెండు సాంచాలు చూసుకోవాలి. కళ్లు అన్నిటి మీదా ఉండవు కాబట్టి లోపల ఏదో ఒక పాట పెట్టుకుంటాం. సాంచ దెబ్బకు ఆ పాట కలుస్తుంది. ఎక్కడైనా పోగు తెగితే, చక్రం వదులైతే, దెబ్బ తప్పుతుంది. లోపల పాట తడబడుతుంది. తల దానంతట అదే ఆ సాంచ వైపు తిరుగుతుంది. నేను పాటలకు శత్రువును కానని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వచ్చిన ఏడు నెలల్లో పన్నెండు సాంచాలకు ఎదిగాను. బావకు పన్నెండు రావడానికి మూడేళ్లు పట్టిందని మా అక్కే చెప్పింది. ఆ మాట బావ ముందు చెప్పి ఉండాల్సింది కాదేమో.

ఈ పాట పుట్టడానికి కారణమైన రోజు వారపు సెలవు. మిగతా సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. ఒక సాంచకు పడుగు చుట్టిన కొత్త బీము ఎక్కించే పని మిగిలితే, నేనూ బావా ఇద్దరమే వెళ్లాం. కార్ఖానా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పైకప్పు రేకుల మీద పావురం నడిస్తే వినపడుతోంది. ఈ నిశ్శబ్దం గుర్తు పెట్టుకోండి.

నా రెండు చేతులూ లోపల ఉన్నాయి. కుడి చేత్తో బీము పట్టుకున్నాను, ఎడమ చేయి పళ్ల చక్రాల దగ్గర ఉంది. బావ మీట దగ్గర నిలబడ్డాడు. నేను చెప్పినప్పుడల్లా మీట ఒక్క క్షణం నొక్కి వదలాలి. సాంచ ఒక్క దెబ్బ కదులుతుంది.

"ఇంక జర" అన్నాను. టక్.

"ఇంక జర." టక్.

బీము సరిగ్గా కూర్చుంది. చేతులు ఖాళీ లేవు కాబట్టి సైగ చేయలేను. "చాలు" అన్నాను. "చాలు చాలు" అన్నాను.

తెలుగులో చాలు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గుజరాతీలో, హిందీలో చాలూ అంటే నడుస్తోందని, నడిపించమని. కొట్టు చాలూ, బండి చాలూ, సాంచ చాలూ. ఒకే మాట, మన దగ్గర ఆపమంటుంది, ఇక్కడ నడపమంటుంది. బావ మీట పూర్తిగా వేసి వదిలేశాడు.

ఎడమ చూపుడు వేలి కొస గోరుతో సహా పోయింది. గోరు గుడ్డలో పడలేదు. అప్పటికి ఆ సాంచ మీద గుడ్డే లేదు. గోరు గ్రీజులో పడింది. పాటలో అది రెండో తప్పు.

పదో రోజున కట్టుతో కార్ఖానాకు వెళ్లాను. చాయ్ వేళకు సాంచాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో మొదలుపెట్టారు. తర్వాత ఇంకొకరు అందుకున్నారు. తెలుగువాళ్లు సరే, తెలుగు ఒక్క ముక్క రాని ఒడియావాళ్లు, బిహారువాళ్లు కూడా పాడుతున్నారు. నేను ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో అందరికీ నేర్పేశాడు. వరస మంచిదే, ఒప్పుకోవాలి. సాంచ దెబ్బకు అతుక్కుపోయేలా కట్టాడు. ఒకసారి వింటే సాంచ నడిచినంతసేపూ ఆగదు. సాంచ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

అప్పటినుంచి ఆ కార్ఖానాలో నా పేరు బామ్మర్ది. ఒడియా పిల్లవాడి నుంచి ముసలి మిస్త్రీ దాకా అందరికీ నేను బామ్మర్దినే. బామ్మర్ది అంటే భార్య తమ్ముడు. అలా చూస్తే అరవై సాంచాల కార్ఖానా మొత్తం మా అక్క మొగుళ్లే. ఈ సంగతి బావతో అన్నాను. అప్పుడు మాత్రం ఆయనకు నవ్వు రాలేదు.

తెగిన పోగును ముడి వేయాలంటే చూపుడు వేలి కొస, బొటనవేలి కొస కలవాలి. ఒక రెప్పపాటులో ముడి పడాలి. నాకు మూడు రెప్పపాట్లు పట్టడం మొదలైంది. కార్ఖానా యజమాని శేఠ్ నన్ను సాంచాల మీద నుంచి దించి, నేసిన గుడ్డను పరిచి తప్పులు వెతికే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. ఎవరో నేసిన గుడ్డలో తప్పులు వెతకడం. నాకు తప్పులు వెతకడమే పని అని మా బంధువులు వెటకారం చేస్తారు. ఆ పని నేను ఎంచుకున్నది కాదు.

అప్పట్లో ఒకసారి బావను నేరుగా అడిగాను, మా అక్క అన్నం వడ్డిస్తుండగా.

"నువ్వు తెలుగోనివే కద బావా. నేను తెలుగోన్నే. మనిద్దరమే ఉన్నం. నేను చాలంటె నీకు గుజరాతీ ఎట్ల ఇనవడ్డది?"

"సూరత్ల ఇన్నేండ్లున్నంక సూరత్ మాటే ఇనవడ్తది రా" అన్నాడు, నా నోటి మీద నుంచి చూపు తిప్పకుండా. అక్క పప్పు వేస్తుంటే చేయి అడ్డం పెట్టి, "చాలు" అన్నాడు.

అక్క ఆపింది. నేను అక్క చేతిలోని గరిటెను, బావ చేతిని చూపించి, "గిదేంది మరి?" అన్నాను.

"తిననియ్యి తమ్మీ" అంది అక్క.

నేను కంచం ముందు నుంచి లేచాను. పదకొండేళ్ల పాటు ఆ ఇంట్లో చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. నాకు కావలసింది ఒకే ఒక్క మాట. తప్పు నాది అని బావ అనాలి. పాట ఎవరెవరు విన్నారో వాళ్ల ముందు అనాలి. ఎందుకంటే ఆ పాట వల్ల అందరికీ ఒకటే అర్థమైంది, ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు ఇక్కడి భాష తెలియక తన వేలు తనే పోగొట్టుకున్నాడని. పన్నెండు సాంచాలు నడిపిన మనిషి గురించి మిగిలింది అదొక్కటే.

ఇరవై రెండేళ్లు గడిచాయి. పోయిన నెల అక్క ఫోను చేసి, తాము సూరత్ వదిలేస్తున్నామని చెప్పింది. భివండీలో పెద్దకొడుకు సొంతంగా నాలుగు సాంచాలు పెట్టాడట, బావ వాటిని చూసుకుంటాడట. వెళ్లేముందు ఒక ఆదివారం అందరం డుమస్ బీచికి వెళదామంది. ఇదే ఆఖరి అవకాశమని నాకు అర్థమైంది. భివండీ దాకా వెళ్లి ఎవరు అడుగుతారు?

"ఏందయ్యా, సముద్రం జూడనీకె పోతున్నవా, పంచాయితికి పోతున్నవా?" అంది నా భార్య, నేను ఇస్త్రీ చొక్కా వేసుకోవడం చూసి.

"రెండిటికి" అన్నాను.

డుమస్‌లో ఆ రోజు తిరునాళ్లంత జనం. నల్ల ఇసుకలో ఒంటెలు, గుర్రాలు, వాటి వెనక పిల్లలు. బజ్జీల బండి ముందు రెండు బెంచీలు దొరికితే కూర్చున్నాం. అక్క, బావ, వాళ్ల చిన్నకొడుకు కూతుళ్లు ఇద్దరు, నేను, నా భార్య. ఇక్కడ టమాటా బజ్జీలు తినకుండా ఎవరూ వెనక్కి రారు. బావకు ఇప్పుడు చెవులు బాగా దూరం. వయసు వల్ల అని అందరూ అనుకుంటాం. చెవి మిషను పెట్టుకోమంటే వినడు. ఆయన మాట్లాడితే పక్క బండి వాళ్లు కూడా తిరిగి చూస్తారు.

నేను ఆయన పక్కనే కూర్చుని, గొంతు పెంచి మొదలుపెట్టాను.

"బావా, పోయేముందు ఒక ముచ్చట తేలాలె. గా పాట సంగతి."

"ఏం పాట?"

"నా మీద కట్టిన పాట."

బావ బజ్జీ పట్టుకుని నా వైపు చూశాడు. కళ్లలో దాపరికం లేదు. నేను గుడ్డలో తప్పులు వెతికేవాణ్ని, మనిషి కళ్లలో కూడా కొంత వెతకగలను. ఆయనకు నిజంగా గుర్తు లేదు.

"నేనేం పాట కట్టిన రా? నాకు పాటలెక్కడియి?"

ఆ క్షణంలో నాకు వచ్చినంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. వేలు పోయినప్పుడు కూడా రాలేదు. రాత్రీ పగలూ నా తలలో మోగే పాట, డప్పుల మధ్య మోగిన పాట, మా అమ్మ పాటను మింగేసిన పాట, కట్టినవాడికి గుర్తు లేదు. ఆయన వదిలేసి హాయిగా వెళ్లిపోయాడు, నేను ఇరవై రెండేళ్లు దానికి కాపలా కాశాను. లోకంలో ఆ పాట మిగిలింది నా తలలో మాత్రమే.

"ఏం పాట తాతా?" అని పెద్ద మనవరాలు నన్నడిగింది. పదేళ్లుంటాయి.

"పాడితె కద యాదికొచ్చేది" అన్నాడు బావ.

ఇంకో దారి లేదు. ఆయనకు గుర్తు చేయాలంటే నేనే పాడాలి. నన్ను వెక్కిరించిన పాటను డుమస్ సముద్రం ఒడ్డున, బజ్జీల బండి ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనే పాడాను. రెండు చరణాలూ పాడాను. అంచ దగ్గర ఆగి, "అంచు అనాలె" అని కూడా చెప్పాను.

తర్వాత చిన్న మనవరాలు బెంచీ మీద అరచేత్తో కొట్టింది, టకా టక్. పెద్దది అందుకుంది. రెండోసారికే వాళ్లకు పాట మొత్తం వచ్చేసింది. నేను చెప్పింది నమ్మండి, అది అలాంటి పాట.

"మస్తుగున్నది" అన్నాడు బావ, తల ఊపుతూ. "ఎవడు కట్టిండు?"

"నువ్వే."

"నేనా?" ఆయన ముఖంలో వెలిగింది సిగ్గు కాదు, గర్వం. "ఏ, మంచిగనే కట్టిన మరి."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు. అది వేరే విషయం, తర్వాత అడిగాను.

"పాట యాది లేదు, సరే. మీట ఎందుకు ఏసినవో గదన్న యాదున్నదా?" అన్నాను.

"ఎందుకు లేదు? నువ్వు చాలంటివి, నేను చాలూ జేసిన." అది మాత్రం అచ్చుగుద్దినట్టు గుర్తుంది.

సరిగ్గా అప్పుడు బజ్జీలవాడు వచ్చి బావ పళ్లెంలో పచ్చడి పోయడం మొదలుపెట్టాడు. బావ నోటి నిండా బజ్జీ ఉంది. చేయి ఊపుతూ, "చాలు, చాలు" అన్నాడు.

"హా కాకా, చాలూ జ ఛే, రాత్ సుధీ చాలూ" అన్నాడు బజ్జీలవాడు సంతోషంగా. అవును, బండి తెరిచే ఉంటుంది, రాత్రి దాకా ఉంటుంది అని. అంటూనే పచ్చడి పోస్తూ ఉన్నాడు. పళ్లెం నిండి, బావ ప్యాంటు మీదికి కారింది.

నేను లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్లుగా ఎంత వాదించినా దొరకని సాక్ష్యం పళ్లెంలో పోసినట్టు దొరికింది.

"సూసినవా బావా? నలభై యేండ్లు సూరత్ల ఉన్నవ్. నోట్ల బజ్జీ పెట్టుకుంటె నీకు ఏ చాలు వచ్చింది? తెలుగు చాలే వచ్చింది. గుజరాతోనికి తెలుగు చాలు అర్థం కాలె, వాని తప్పు లేదు. నేను చెప్పింది తెలుగోనికి. ఏడ్పులల్ల, నవ్వులల్ల, తిండి కాడ నీకున్న తెలుగు మీట కాడ ఏమైంది?"

అక్క తన కొంగుతో బావ ప్యాంటు తుడవబోయింది. బావ ఆమె చేయి పక్కకు జరిపి లేచాడు. "దా" అని నన్ను బండి వెనక్కి, సముద్రం వైపు తీసుకెళ్లాడు. వెనక పిల్లలు పాడుతూనే ఉన్నారు.

నీళ్లు దూరంగా వెనక్కి పోయి, మధ్యంతా బురద ఉంది. బావ ఆ బురద అంచు దాకా నడిచి ఆగాడు. తర్వాత, ఆయన గొంతుకు ఉన్నంతలో చిన్నగా అన్నాడు.

"నాకు నీ మాట ఇనవడలే రా."

"ఏంది?"

"గప్పటికే పొయినయి చెవులు. సాంచలు నడుస్తె అందరు చెవిటోళ్లే, సైగలతోని నడుస్తది, ఎవలకు తెల్వది. ఆగినప్పుడే కష్టం. గా దినం నీ నోరు కదిలినప్పుడల్లా మీట నొక్కిన. ఆఖరికి రెండు మూడు సార్లు కదిలింది. గట్టిగ నొక్కమంటున్నవనుకున్న."

నేను గుర్తు పెట్టుకోమన్న నిశ్శబ్దం ఇదే. ఇన్నేళ్లూ నా వాదనంతా దాని మీదే నిలబెట్టాను. పావురం నడిస్తే వినపడే చోట నా మాట ఎలా వినపడలేదని. ఆయనకు పావురం కూడా వినపడలేదని నాకు ఒక్కసారీ తట్టలేదు.

"మరి పాటెందుకు కట్టినవ్?"

"చెవులు పొయినయని శేఠ్‌కు తెలిస్తె సాంచ మీదికెల్లి దించుతడు. ఇద్దరు పిల్లలు గప్పుడు. మాట తిరగవడ్డదని అంటె నవ్వి ఊకుంటరు. గందుకే అందరు నవ్వెటట్టు జేసిన."

"నన్ను దించిన్రు బావా."

ఆయన ప్యాంటు మీది పచ్చడి అరచేత్తో తుడుచుకున్నాడు. వినపడిందో లేదో తెలియదు. నాకు జాలి కలగలేదా అంటే, కలిగింది. నా చెవులు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. రేపు ఎవరైనా నా వెనక చాలు అంటే నాకు మాత్రం వినపడుతుందా? కానీ జాలి ఒకటి, న్యాయం ఒకటి. చెవులు పోవడం ఆయన తప్పు కాదు. నేను తెలివితక్కువవాణ్నని పాట కట్టి అరవై సాంచాలకు నేర్పడం ఆయన తప్పే.

"గిదే మాట అక్క ముందట చెప్పు. పిల్లల ముందట చెప్పు" అన్నాను.

"చాలు తియ్యి ఇగ" అన్నాడు బావ.

ఏ చాలు అని అడగబోయాను. ఆయన అప్పటికే బెంచీ వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లి, అందరికీ వినపడేలా, "అక్కా, బావ ఒప్పుకున్నడు" అన్నాను.

"ఏమొప్పుకున్నడు?" అంది అక్క.

నేను బావ వైపు చూశాను. బావ అరచేయి చెవి వెనక పెట్టుకుని, "ఆఁ? ఏమంటున్నడు?" అన్నాడు. కూర్చుని, మిగిలిన బజ్జీ తిన్నాడు. ఇరవై రెండేళ్లు దాచిన చెవుడును ఆ రోజు గొడుగులా విప్పి దాని కింద కూర్చున్నాడు. బండి వెనక ఆయన చెప్పిందంతా అక్కకు చెప్పాను. ఆమె విని, "పోనియ్యి తమ్మీ, పోయేటప్పుడు ఎందుకు" అంది. తిరుగు దారిలో వ్యానులో పిల్లలు పాట ఆపలేదు. మధ్యలో డ్రైవరు కూడా స్టీరింగు మీద వేళ్లతో కొట్టడం చూశాను.

వాళ్లు భివండీ వెళ్లిన పదిహేను రోజులకు అక్క ఫోను చేసింది.

"తమ్మీ, మీ బావ దినమంత గా పాటే పాడుతున్నడు రా. పళ్లు తోముతుంటె అదే, తింటుంటె అదే. డుమస్ల పోరిలు ఎక్కించిన్రు. ఎట్ల ఆగుతదో జర చెప్పు, నీకు తెలుసు కద."

నాకు తెలుసు. ఆగదు. ఆ మాటే చెప్పాను. చెబుతున్నప్పుడు నాకు కొంత హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

"నిన్న కొత్తది కలిపిండు. నీకు ఇనిపియ్యమన్నడు" అంది. "ఈడ సాంచల కాడ అందరికి నేర్పిండు." ఫోను పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ తనే పాడింది.

చెవులు ఇనరాక బావ, చాలూ జేసిండు సాంచ
తప్పు లేదు బామ్మర్దిది, తప్పు బావదె కొంచ

నేను మళ్లీ పాడమన్నాను. మళ్లీ పాడింది. కార్ఖానాలో, అందరి ముందు, తన చెవుడుతో సహా చెప్పుకున్నాడు. నేను అడిగినది దాదాపు అదే. ఇరవై రెండేళ్లకు వచ్చింది.

"కొంచ అంటె?" అన్నాను.

"కొంచెం రా. సాంచతోని కలవాలె కద."

"కలవాలనా, తప్పు కొంచెమేననా?"

"నాకేం తెలుసు? ఆయన్నే అడుగు."

బావకు ఫోనిచ్చింది. అడిగాను. గట్టిగా అడిగాను, నా భార్య వంటింట్లోంచి వచ్చి చూసింది. అటువైపు నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. "ఆఁ? మంచిగనే ఉన్న, నువ్వు మంచిగున్నవా?" అన్నాడు బావ. మూడుసార్లు అడిగితే మూడుసార్లు తాను బాగున్నట్టే చెప్పాడు.

ఆ రోజు నుంచి కొత్త చరణాలను తలలో కూర్చోబెట్టాలని చూస్తున్నాను. ఫ్యాను మూడు మీద పెట్టి, మంచం మీద పడుకుని, నేనే పనిగట్టుకుని మొదలుపెడతాను. చెవులు ఇనరాక బావ అనేదాకా బాగానే ఉంటుంది. తప్పు లేదు బామ్మర్దిది అనే ముక్క, నాకు అన్నిటికన్నా కావలసిన ముక్క, ఒక్కసారి కూడా దానంతట అది రాలేదు. పెట్టిన చోట నిలవదు. కొత్తగా అతుక్కున్నది ఒకే ఒక్క మాట. పొద్దున బల్ల మీద గుడ్డ పరిచి వేలి కొస లేని చేత్తో తడుముతూ తప్పులు వెతుకుతుంటే, అవతల అరవై సాంచాలు కొడుతుంటాయి, దెబ్బ దెబ్బకూ, కొంచ, కొంచ, కొంచ.